శాన్ డియెగో కామిక్ కాన్: తొలిసారి వెళ్ళేవారికి

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రానికి దక్షిణపు కొసన, పసిఫిక్ తీరంలో ఉంది శాన్ డియెగో నగరం. ఏటా జులైలో అక్కడ కామిక్ పుస్తకాల అభిమానుల సమ్మేళనం జరుగుతుంది. గురువారం మొదలై ఆదివారం సాయంత్రం ముగుస్తుంది. బుధవారం రాత్రి కొందరికి మాత్రం ముందస్తు ప్రవేశం ఉంటుంది. ఈ కొద్ది రోజుల్లో 1,30,000 మందికి పైగా వస్తారు. 1970 ఆగస్టులో నగరం నడిబొడ్డున ఉన్న యు.ఎస్. గ్రాంట్ హోటల్లో మూడు రోజుల తొలి సమ్మేళనం జరిగినప్పుడు వచ్చినవారు 300 మంది. షెల్ డార్ఫ్ అనే అభిమాని, ఆయన చుట్టూ చేరిన కుర్రవాళ్ళు దాన్ని నడిపారు. చిత్రకారుడు జాక్ కిర్బీ, రచయిత రే బ్రాడ్‌బరీ అతిథులుగా వచ్చారు. 1991 నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న కన్వెన్షన్ సెంటర్లో జరుగుతోంది. ఇప్పటికీ దీన్ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థే.

సినిమావాళ్ళు ఇక్కడికి రావడం చాలాకాలం కిందటే మొదలైంది. 1977లో విడుదలైన ‘స్టార్ వార్స్’ గురించి అంతకు ఏడాది ముందే ఇక్కడ స్లైడ్లు వేసి చూపించారు. ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోలు పెద్ద ప్రకటనలను ఈ నాలుగు రోజుల కోసం అట్టేపెట్టుకుంటాయి. రాబర్ట్ డౌనీ జూనియర్ డాక్టర్ డూమ్ పాత్రలో వస్తున్నట్టు మార్వెల్ సంస్థ 2024 జులైలో ఇక్కడే ప్రకటించింది. తెలుగు సినిమాకూ ఈ వేదికతో పరిచయం ఉంది. 2023 జులై 20న నాగ్ అశ్విన్, ప్రభాస్, కమల్ హాసన్, రానా ఇక్కడికి వచ్చారు. అప్పటిదాకా ‘ప్రాజెక్ట్ కె’ అని పిలుస్తూ వచ్చిన సినిమాకు ‘కల్కి 2898 ఏడీ’ అన్న పేరును ఇక్కడే బయటపెట్టారు.

టీవీ వార్తల్లో కనిపించే ఆ సందడి అంతా ఒకటి రెండు హాళ్ళలో జరిగేది. అదే సమయంలో మిగతా భవనమంతా పాత పుస్తకాలు అమ్మేవాళ్ళు, బల్ల ముందు కూర్చుని బొమ్మలు గీసేవాళ్ళు, సొంత ఖర్చుతో పుస్తకం అచ్చువేసుకుని వచ్చిన రచయితలు నిండి ఉంటారు. తొలిసారి వెళ్ళినవారు తారల కోసం వరుసలో నిలబడి, ఈ రెండో సగాన్ని చూడకుండానే తిరిగి వచ్చేయడం తరచుగా జరుగుతుంది. అది పెద్ద నష్టం. సినిమా ప్రకటన ఆ రాత్రికే ప్రపంచమంతా తెలిసిపోతుంది. చిత్రకారుడి బల్ల దగ్గర దొరికేది అక్కడ తప్ప ఇంకెక్కడా దొరకదు. అందువల్ల ప్రయాణం తలపెట్టినప్పుడే కనీసం ఒక పూర్తి రోజును పుస్తకాలకూ, గీసేవాళ్ళకూ కేటాయించుకోవాలి.

అన్నిటికంటే ముందు సంపాదించవలసింది బ్యాడ్జి. సమ్మేళనం జరిగే చోట టికెట్లు అమ్మరు. ముందుగా సంస్థ వెబ్‌సైట్లో సభ్యత్వ ఖాతా తెరిచి, ఒక గుర్తింపు సంఖ్య పొందాలి. అమ్మకం తేదీ దగ్గర పడ్డాక కొత్త ఖాతాలు ఇవ్వడం ఆపేస్తారు కనుక ఈ పని కొన్ని నెలల ముందే చేసి పెట్టుకోవాలి. అమ్మకాలు రెండు విడతలుగా ఉంటాయి. ముందటి ఏడాది బ్యాడ్జి కొన్నవారికి ఒక విడత, అందరికీ మరో విడత. అమ్మకం రోజున ఖాతాలోకి వెళ్ళినవారంతా ఒక ఆన్‌లైన్ నిరీక్షణ గదిలో చేరతారు. గడియారం కొట్టగానే కంప్యూటరు ఎవరి వంతు ఎప్పుడో లాటరీ పద్ధతిలో తేలుస్తుంది. గదిలోకి అందరికంటే ముందు వెళ్ళినంత మాత్రాన లాభం లేదు, ఆలస్యంగా వెళ్తే మాత్రం నష్టం ఉంది. వంతు వచ్చినవారు తమతోపాటు మరో ఇద్దరికి కొనవచ్చు, కానీ ఆ ఇద్దరికీ సొంత గుర్తింపు సంఖ్యలు ఉండాలి. కాబట్టి ముగ్గురు స్నేహితులు వేర్వేరుగా గదిలో కూర్చుని, ఎవరి వంతు ముందు వస్తే వారు ముగ్గురికీ కొనేలా అనుకోవడం అందరూ చేసే పని.

బ్యాడ్జి రోజుల లెక్కన అమ్ముడవుతుంది. నాలుగు రోజులూ దొరకకపోయినా దిగులు పడనక్కరలేదు. శనివారానికి గిరాకీ ఎక్కువ, రద్దీ కూడా ఎక్కువే. ఒక్క రోజే ఎంచుకునే వీలుంటే గురువారం మంచిది. పుస్తకాల పెట్టెలు అప్పుడే తెరిచి ఉంటాయి, చిత్రకారులు అలసిపోయి ఉండరు. పన్నెండేళ్ళు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకు డబ్బు కట్టిన పెద్దవాళ్ళతో కలిసి వెళ్తే ప్రవేశం ఉచితం. బ్యాడ్జి మీద పేరు అచ్చువేసి ఉంటుంది, ఇంకొకరికి బదిలీ చేయడానికి వీల్లేదు. బయట ఎక్కువ ధరకు అమ్మజూపేవారి దగ్గర కొంటే డబ్బూ పోతుంది, ప్రవేశమూ దొరకదు. బ్యాడ్జి లోపల చిన్న ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది కాబట్టి లోనికి వెళ్ళేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ దాన్ని యంత్రానికి తాకించాలి. బయటికి వచ్చేటప్పుడు మరిచిపోతే మళ్ళీ లోనికి వెళ్ళేటప్పుడు చిక్కు వస్తుంది. అమెరికా చిరునామా ఉన్నవారికి బ్యాడ్జి టపాలో ముందే వస్తుంది. మన దేశం నుంచి వెళ్ళేవారు పాస్‌పోర్టు చూపించి అక్కడే తీసుకోవాలి. వీసా సంగతి దీనితో ముడిపడలేదు. బ్యాడ్జి కొన్నంత మాత్రాన వీసా వస్తుందన్న హామీ లేదు, కనుక ముందు వీసా చేతికి వచ్చాక మిగతా ఖర్చులకు దిగడం క్షేమం.

బస దొరకడం బ్యాడ్జి దొరకడమంత కష్టం, ఖర్చు కూడా ఎక్కువే. సమ్మేళనంవాళ్ళే నగరంలోని హోటళ్ళలో గదులు ముందుగా తీసిపెట్టి, కోరుకున్న హోటళ్ళ వరుస రాసి ఇస్తే కేటాయిస్తారు. కన్వెన్షన్ సెంటర్‌కు నడిచి వెళ్ళే దూరంలో ఉన్న గదులు కొందరికే దక్కుతాయి. అవి రాకపోతే ట్రాలీ రైలు మార్గం పట్టుకుని వెతకాలి. గ్రీన్ లైన్ అనే మార్గం మిషన్ వ్యాలీ, ఓల్డ్ టౌన్ మీదుగా వచ్చి సరిగ్గా కన్వెన్షన్ సెంటర్ ఎదురుగా ఆగుతుంది. ఆ దారిలో గది తీసుకుంటే కారు అవసరం ఉండదు. కారుతో వెళ్తే పార్కింగు కోసం పడే పాట్లు ఒక పూటను మింగేస్తాయి. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని తెలుగు కుటుంబాలవారు పసిఫిక్ సర్ఫ్‌లైనర్ రైలెక్కితే సముద్రం పక్కనే ప్రయాణించి, దాదాపు మూడు గంటల్లో శాన్ డియెగో స్టేషన్లో దిగవచ్చు. అక్కడి నుంచి వేదిక నడక దూరమే.

కార్యక్రమాల పట్టిక సమ్మేళనానికి సుమారు రెండు వారాల ముందు, రోజుకొకటి చొప్పున విడుదలవుతుంది. వందల ప్యానెళ్ళు, అంటే చర్చా కార్యక్రమాలు, ఒకే సమయంలో పక్కపక్క గదుల్లో నడుస్తుంటాయి. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేరు. రోజుకు తప్పనిసరిగా కావలసింది ఒక్కటి రాసుకుని, దాని చుట్టూ వీలైతే చూద్దామనుకునేవి రెండో మూడో పెట్టుకోవాలి. ఒక కార్యక్రమానికీ మరో దానికీ మధ్య కనీసం గంట విరామం ఉండాలి. భవనం ఒక కొస నుంచి మరో కొసకు దాదాపు అర మైలు ఉంటుంది, ఆ అర మైలూ జనంతో నిండి ఉంటుంది.

ఇక అందరూ చెప్పుకునే హాల్ హెచ్. అందులో ఆరు వేలకు పైగా కుర్చీలు ఉన్నాయి. పెద్ద స్టూడియోల ప్రకటనలు ఎక్కువగా ఇక్కడే. దీని వరుస భవనం బయట పచ్చిక మీదుగా సాగి, సముద్రం ఒడ్డు దాకా వెళ్తుంది. ముందటి రోజు రాత్రే చేతికి రంగురంగుల పట్టీలు కట్టి, వరుసలో ఎవరి స్థానం ఏమిటో తేలుస్తారు. తిరుమలలో సర్వదర్శనం టోకెన్లు తీసుకుని వంతు కోసం కాచుకున్నవారికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. ఒక కార్యక్రమం అయిపోయాక ఇక్కడ హాలు ఖాళీ చేయించరు. సాయంత్రం నాలుగింటి కార్యక్రమం కోసం వచ్చినవారు పొద్దున పదింటి నుంచీ అదే కుర్చీలో కూర్చుని ఉండవచ్చు. అందుకే మధ్యాహ్నం తీరిగ్గా వెళ్ళి సీటు దొరుకుతుందనుకోవడం పొరపాటు. ఆ హాలు కావాలనుకున్నవారు ఆ రోజంతా దానికే ఇచ్చెయ్యాలి. పట్టీలు ఇచ్చే వేళ, వరుస ఎక్కడ మొదలవుతుందన్న వివరాలు ఏటా కొద్దిగా మారుతుంటాయి, కాబట్టి ఆ ఏటి ప్రకటన చదువుకునే వెళ్ళాలి. జులై అయినా సముద్రపు గాలికి రాత్రిపూట చలిగా ఉంటుంది. ఆరుబయట రాత్రి గడిపేవారికి స్వెట్టరు, కింద పరుచుకోవడానికి ఒక దుప్పటి, ఫోనుకు అదనపు బ్యాటరీ కావాలి. తెర మీద చూపించే దృశ్యాలను ఫోనుతో రికార్డు చేయడం నిషేధం. పట్టుబడితే బయటికి పంపేస్తారు.

పెద్ద హాళ్ళకు అంత ఓపిక లేనివారికి పైఅంతస్తులోని చిన్న గదులు నిజమైన వరం. అక్కడ పాతకాలపు చిత్రకారుల జీవితాల గురించి, అచ్చుయంత్రాల గురించి, కథకు బొమ్మల చట్రాలు పేర్చే పద్ధతి గురించి మాట్లాడుతుంటారు. పది నిమిషాల ముందు వెళ్ళినా చోటు దొరకడం సాధారణం. ముఖ్యంగా రచయిత మార్క్ ఎవానియర్ ఏళ్ళ తరబడి నడిపిన ‘క్విక్ డ్రా’ కార్యక్రమం గురించి చెప్పుకోవాలి. అందులో ఆయన అప్పటికప్పుడు ఏదో ఒక అంశం ఇస్తుంటే సెర్గియో ఆరగోనెస్ వంటి కార్టూనిస్టులు అందరి ముందూ గీసేవారు. ఆ గీతలు పెద్ద తెర మీద పడేవి. బాపు గీతను చూస్తూ పెరిగిన తెలుగువారికి, చేయి కదులుతుండగానే నవ్వు పుట్టే ఆ కళను కళ్ళారా చూడడం కంటే మంచి కానుక ఉండదు. అటువంటి కార్యక్రమం పట్టికలో కనిపిస్తే వదులుకోకూడదు. కామిక్స్ రంగంలో అత్యంత గౌరవం గల ఐస్నర్ పురస్కారాలు 1988లో మొదలయ్యాయి. వాటిని శుక్రవారం రాత్రి అందజేస్తారు. శనివారం రాత్రి వేషధారణ పోటీ, 1974 నుంచీ వస్తున్న ఆనవాయితీ.

కింది అంతస్తులో ఎ నుంచి జి వరకు ఉన్న హాళ్ళన్నీ కలిపి ఒకే ప్రదర్శనశాల. మధ్యభాగంలో పెద్ద కంపెనీల స్టాళ్ళు, దీపాలు, నిలువెత్తు విగ్రహాలు, చెవులు చిల్లులు పడే చప్పుడు. చాలామంది అక్కడే ఇరుక్కుపోతారు. పాత పుస్తకాల వ్యాపారులు ఒక కొసన ఉంటారు, చిత్రకారుల బల్లలున్న ఆర్టిస్ట్స్ ఆలీ రెండో కొసన ఉంటుంది. పొద్దున తలుపులు తీయగానే మధ్యలోకి వెళ్ళకుండా ఏదో ఒక కొసన మొదలుపెట్టడం తెలివైన పని.

పాత పుస్తకాలను పొడవాటి అట్టపెట్టెల్లో నిలబెట్టి, పేర్ల వరుసలో సర్ది ఉంచుతారు. ఒక్కో పెట్టెలో రెండు వందలకు పైగా పుస్తకాలు పడతాయి. ప్రతి పుస్తకం పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో, వెనక ఒక తెల్లటి అట్టతో ఉంటుంది. వాటిని చూసే పద్ధతి ఒకటుంది. పైనుంచి వేలికొసలతో ఒక్కొక్కటిగా ముందుకు వాల్చుతూ పోవాలి, మూల పట్టుకుని పైకి లాగకూడదు. నచ్చినదాన్ని సంచిలోంచి తీసి చూడాలంటే ముందు అమ్మేవారిని అడగాలి. సంచి మూతకు అంటించిన టేపును పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టాకే పుస్తకాన్ని బయటికి జరపాలి. సగం ఊడిన టేపు అలాగే ఉంటే, పుస్తకం జారుతున్నప్పుడు అట్టకు అతుక్కుని రంగును పొరతో సహా లేపేస్తుంది. యాభై అరవై ఏళ్ళు పదిలంగా ఉన్న పుస్తకం విలువ ఆ ఒక్క క్షణంలో పడిపోతుంది. బయటికి తీశాక చూడవలసినవి మూడు. వెన్ను పొడవునా మడత గీతలు ఉన్నాయా, పిన్నులకు తుప్పు పట్టిందా, నడిమి పేజీ పిన్నుల నుంచి ఊడిపోయిందా. పుస్తకం వయసును బట్టి సంచుల కొలతలూ మారతాయి. 1956 ప్రాంతం నుంచి 1970 దాకా వచ్చినవాటిని సిల్వర్ ఏజ్ అంటారు. అవి ఇప్పటి పుస్తకాల కంటే కాస్త వెడల్పు. నేటి సంచిలో కుక్కితే అంచులు నలుగుతాయి. బేరం ఆడడం తప్పేమీ కాదు, నాలుగైదు పుస్తకాలు ఒకేచోట తీసుకుని మొత్తానికి ధర అడిగితే తగ్గిస్తారు. నగదు చేతిలో ఉంటే మాట ఇంకా సులువుగా కుదురుతుంది.

చిత్రకారుల బల్లల దగ్గర పద్ధతి వేరు. అక్కడ కూర్చున్నవారిలో దేశమంతా తెలిసిన పేర్లుంటాయి, మొదటి పుస్తకంతో వచ్చినవారూ ఉంటారు. ఎవరి ముందైనా నిలబడి, వాళ్ళు పరిచి ఉంచిన పేజీలను తీరిగ్గా చూడవచ్చు. అసలు పేజీలు, అంటే అచ్చుకు వెళ్ళిన చేతి బొమ్మలు, అచ్చు పుస్తకం కంటే బాగా పెద్దవి. వాటిని దగ్గరగా చూస్తే అచ్చులో కనిపించనివి కనిపిస్తాయి. ఇంకు కింద చెరిగీ చెరగని పెన్సిలు గీతలు, తప్పు మీద పూసిన తెల్ల రంగు, మాటలు రాయడానికి వదిలిన ఖాళీ, అంచుల్లో సంపాదకుడికి రాసిన చిన్న సూచనలు, అన్నీ అక్కడే ఉంటాయి. బొమ్మలు గీయాలన్న ఆశ ఉన్న పిల్లలకు ఒక గంటలో ఇది నేర్పేది చాలా పాఠాలకు సమానం. సొంతంగా బొమ్మ గీయించుకోవాలనుకునేవారు మొదటి రోజు ఉదయమే అడగాలి. చిత్రకారుల జాబితాలు మధ్యాహ్నానికి నిండిపోతాయి. ఏ పాత్ర కావాలో, ఎంత సైజో, పెన్సిలుతోనా ఇంకుతోనా అన్నది ముందే తేల్చుకుని, ధర అడిగి, ఎప్పుడు తీసుకోవాలో కనుక్కుని వెళ్ళిపోవాలి. పక్కనే నిలబడి తొందరపెట్టడం మర్యాద కాదు. గీసిన బొమ్మ నలగకుండా గట్టి అట్టల ఫోల్డరు, పోస్టర్లకు గొట్టం ఇంటి నుంచే తీసుకెళ్ళాలి.

ఈ రంగంలో పని కోరుకునే యువతకు మరో అవకాశం ఉంది. కొన్ని ప్రచురణ సంస్థల సంపాదకులు కొత్త చిత్రకారుల పనిని చూసి సలహా ఇస్తారు. విడి విడి వీరుల బొమ్మలు పది తీసుకెళ్ళే కంటే, వరుసగా కథ నడిచే పేజీలు నాలుగైదు తీసుకెళ్ళడం మంచిది. బొమ్మల్లో కథ చెప్పగలరా లేదా అన్నదే వాళ్ళు చూస్తారు.

ప్రముఖుల సంతకాలకూ, అక్కడ మాత్రమే అమ్మే ప్రత్యేకమైన బొమ్మలకూ చాలా స్టాళ్ళు ముందుగా ఆన్‌లైన్ లాటరీ పెడతాయి. బ్యాడ్జి కొన్నవారు ఆ గడువును చూసుకుని పేరు నమోదు చేసుకోవాలి.

వేషం వేసుకుని వచ్చేవారు ఈ సమ్మేళనానికి అందం తెస్తారు. నెలల తరబడి ఇంట్లో కుట్టుకుని, అతికించుకుని, రంగులు వేసుకుని వస్తారు. వాళ్ళ ఫొటో తీసుకోవాలంటే ముందు అడగాలి. అడగకుండా తీయకూడదు, దుస్తుల మీద చెయ్యి వేయకూడదు. ఇరుకు దారిలో ఆపితే వెనక వందమంది ఆగిపోతారు, కనుక పక్కకు పిలిచి తీసుకోవాలి. తాము వేషం వేయదలచినవారు ఆయుధాల నిబంధనలు చదవాలి. నిజమైన కత్తులు, పదునైన లోహపు వస్తువులు పనికిరావు, నకిలీవాటిని కూడా తనిఖీ చేస్తారు. సెల్ఫీ స్టిక్కులు లోపలికి రానివ్వరు. ముసుగు, బరువైన కవచం వేసుకున్నవారు రెండు గంటలకొకసారైనా నీళ్ళు తాగాలి.

తిండి విషయంలో లోపల ధరలు ఎక్కువ, వరుసలూ ఎక్కువ. నింపుకోగల నీళ్ళ సీసా, పులిహోర పొట్లమో చపాతీలో, వేరుశెనగ ఉండలో సంచిలో ఉంటే పూట గడుస్తుంది. చెప్పులో బూట్లో, అలవాటైనవే వేసుకోవాలి. కొత్తవి వేసుకుంటే రెండో రోజుకే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. ఇంత జనం గాలి ఆడని చోట చేరినప్పుడు జలుబు, జ్వరం అంటుకోవడం మామూలే. మాస్కు, చేతులు శుభ్రం చేసుకునే ద్రవం దగ్గరుంచుకోవడం మేలు. పిల్లలు తప్పిపోతే ఎక్కడ కలవాలో పొద్దున్నే చూపించి, జేబులో ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టాలి. లోపల ఫోను సిగ్నల్ అన్నివేళలా పనిచేయదు కనుక పెద్దవాళ్ళూ కలుసుకునే చోటు ముందే అనుకోవాలి.

బ్యాడ్జి దొరకనివారికీ చూడవలసినవి ఉన్నాయి. కన్వెన్షన్ సెంటర్ ఎదుట ఉన్న గ్యాస్‌ల్యాంప్ క్వార్టర్ వీధుల్లో స్టూడియోలు, టీవీ సంస్థలు పెట్టే ప్రదర్శనల్లో చాలావాటికి బ్యాడ్జి అక్కరలేదు. బాల్బోవా పార్కులో 2021లో తెరిచిన కామిక్ కాన్ మ్యూజియం సమ్మేళనం లేని రోజుల్లోనూ చూడవచ్చు. అంత దూరం వెళ్ళే వీలు లేనివారికి హైదరాబాద్ ఉంది. 2011లో ఢిల్లీలో మొదలైన కామిక్ కాన్ ఇండియా 2013లో హైదరాబాద్‌కు వచ్చింది. ఇది వేరే సంస్థ నడిపేది, పరిమాణంలోనూ చిన్నది. చిత్రకారుడితో మాట్లాడడం, వేషధారులను ఫొటో అడగడం, జనంలో రోజంతా నిలబడడం అలవాటు చేసుకోవడానికి తగిన చోటు.

ఆదివారం ప్రదర్శనశాల సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. వ్యాపారులు మిగిలిన పెట్టెలను వెనక్కి మోసుకెళ్ళడం కంటే తగ్గించి అమ్మడానికే ఇష్టపడతారు, కనుక మామూలు పుస్తకాలు చివరి రెండు మూడు గంటల్లో చవగ్గా దొరుకుతాయి. అరుదైనవాటి కోసం మాత్రం ఆదివారం దాకా ఆగకూడదు. కొన్న పుస్తకాలను విమానంలో చేతిసంచిలోనే పెట్టుకోవాలి, సామాను పెట్టెలో వేస్తే మూలలు నలుగుతాయి. బరువు ఎక్కువైతే గట్టి అట్టపెట్టెలో సర్ది అక్కడి నుంచే పార్సిల్ పంపుకోవచ్చు. సభ్యత్వ ఖాతాను, దాని గుర్తింపు సంఖ్యను అలాగే ఉంచుకోవాలి. వచ్చే ఏటి బ్యాడ్జిలకు ముందుగా జరిగే మొదటి విడత అమ్మకంలో పాల్గొనే అర్హత ఆ ఖాతాతోనే ముడిపడి ఉంటుంది.